కృష్ణవేణి ఉతికిన గ్లవ్

ఆర్టీసీలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే వరకూ నేను చేసిన పని ఒక్కటే, టికెట్ లేనివాణ్ణి ముందుకు పోనివ్వకపోవడం. మొదట కండక్టరుగా చేశాను, తర్వాత తెనాలి డిపోలో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఊళ్ళో నన్ను పలకరించేవాళ్ళ కంటే మొహం తిప్పుకునేవాళ్ళే ఎక్కువ. పరంధామయ్య ఎక్కితే బస్సులో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేస్తారని డ్రైవర్లు నవ్వుకునేవారు. నవ్వుకోనీ, నాకేం నష్టం.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా మనవరాలు దేదీప్య మంచు మీద హాకీ ఆడుతుందనీ, అందులోనూ గోలు ముందు నిలబడుతుందనీ తెలిసినప్పుడు ఆ పని ఏమిటో మా ఇంట్లో అర్థమైంది నాకొక్కడికే. 2003లో మేం మొదటిసారి అమెరికా వచ్చాం. మా అబ్బాయి భీమశంకర్‌కి న్యూజెర్సీలో మందుల కంపెనీలో ఉద్యోగం. ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్. కోడలు రాధారాణిది సాఫ్ట్‌వేర్. వాళ్ళకి దేదీప్య ఒక్కతే కూతురు, అప్పటికి పదేళ్ళది. క్లాసులో ఎవరిదో పుట్టినరోజని రింక్‌కి, అంటే మంచు పరిచిన ఆటస్థలానికి వెళితే, అక్కడ మగపిల్లల జట్టుకి గోలీ, అంటే గోలు కాసే మనిషి, తక్కువైందట. గట్టి రబ్బరు బిళ్ళకి ఎదురు నిలబడటానికి ఒక్క పిల్లవాడూ ముందుకు రాలేదు. ఇది చెయ్యెత్తింది. రెండు వారాల్లో మానేస్తుందిలే అని భీమశంకర్ సామాను అద్దెకి తెచ్చాడు. మానలేదు.

మేం వచ్చిన వారంలోనే మమ్మల్నీ ఆటకి తీసుకెళ్ళారు. బయట చలి చాలదన్నట్టు లోపల ఇంకో చలి. పిల్లలంతా మంచు మీద జారుతూ పరిగెడుతున్నారు. మా పిల్ల మాత్రం కాళ్ళకి పరుపులు కట్టుకుని, మొహానికి ముసుగు వేసుకుని, ఒక మూల కదలకుండా నిలబడి ఉంది. నా భార్య కృష్ణవేణి కాసేపు చూసి నా చెవిలో అడిగింది. "ఏవండీ, అందరూ ఆడుకుంటుంటే మన పిల్లనొక్కదాన్నే గుమ్మంలో నిలబెట్టారేంటి? ఏం తప్పు చేసిందీ?"

తప్పు కాదే, అది చెకింగ్ డ్యూటీలో ఉంది, పక్ అనే ఆ నల్ల బిళ్ళ టికెట్ లేకుండా లోపలికి పోకూడదు అని చెప్పాను. అంతలో ఇద్దరు మగపిల్లలు దూసుకొచ్చారు. నేను అలవాటుకొద్దీ లేచి నిలబడి "ఆపు, ఆపు" అని అరిచాను. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నా వంక చూశారు. దేదీప్య ఎడమచెయ్యి చాచి పక్‌ని గాల్లోనే పట్టేసింది. ఆ చేతికి వేసుకునే పెద్ద తోలు తొడుగునే గ్లవ్ అంటారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు మా అందరి గుండెలూ ఆ గ్లవ్‌లోనే ఉన్నాయి.

మేం రెండు మూడేళ్ళకోసారి వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్ళేవాళ్ళం. అందుకని దేదీప్య ఎదగడం నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. ఒకసారి వచ్చేసరికి మగపిల్లల జట్టులో ఇదొక్కతే ఆడపిల్ల. అవతలి జట్టు పిల్లాడి తండ్రి ఎవరో, గోల్‌లో అమ్మాయిని పెట్టారు, మావాళ్ళు గట్టిగా కొట్టలేకపోతున్నారు అని గొణిగాడు. వాళ్ళ పిల్లలు గట్టిగానే కొట్టారు. ఒక్కటీ లోపలికి పోలేదు. ఆ రోజు నేను ఆ పెద్దమనిషికి ఎదురుగా వెళ్ళి మరీ కాఫీ తాగాను. ఇంకోసారి వచ్చేసరికి బోస్టన్ వైపు ఒక కాలేజీ వాళ్ళు హాకీ కోసమే సీటిచ్చారు. అక్కడ నాలుగేళ్ళు బయాలజీ చదివింది, నాలుగేళ్ళూ గోల్‌లో నిలబడింది. కాలేజీ పత్రికలో ఎప్పుడు ఫొటో వేసినా ఎడమచెయ్యి చాచి పక్ పట్టుకుంటున్నదే వేసేవారు. భీమశంకర్ వాటిని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించేవాడు, ఆట మానెయ్యమని చెప్పేదీ వాడే.

వాడన్నదీ అన్యాయమేం కాదు. కాలేజీ అయిపోయాక ఆడవాళ్ళకి అక్కడ ఆట లేదు. మగవాళ్ళకైతే కోట్ల జీతాలు. వీళ్ళు మాత్రం సామాను కట్టేసి, ఫొటోలు దాచుకుని, ఏదో ఒక ఆఫీసులో చేరాల్సిందే.

2015 వేసవిలో మేం వచ్చేసరికి దేదీప్య చదువు పూర్తయింది. పిస్కాటవేలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది, మేనేజరు భీమశంకర్ స్నేహితుడే. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళకి జీతమిచ్చి హాకీ ఆడించే లీగ్ ఒకటి కొత్తగా పెడుతున్నారని తెలిసింది. మా దగ్గర్లో వచ్చే జట్టు పేరు రారిటన్ హెరాన్స్. హెరాన్ అంటే కొంగట. జట్టుకి ఇద్దరు గోలీలు. మొదటి చోటు మిన్నెసోటా నుంచి వచ్చిన కెయిట్లిన్ అనే అమ్మాయికి అప్పటికే ఇచ్చేశారు. మిగిలింది ఒక్కటి. దానికి ఆగస్టు చివర్లో సెలెక్షన్.

భోజనాల దగ్గర తండ్రీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. నేను పెరుగన్నం కలుపుతూ విన్నాను. దేదీప్య గొంతు పెంచలేదు. "వన్ ట్రై, డాడీ. తీసుకోకపోతే ఆ జాబ్‌లో జాయిన్ అవుతా. మళ్ళీ హాకీ గురించి అడగను, ప్రామిస్." భీమశంకర్ సరేనన్నాడు. అది ఇచ్చిన మాట తప్పే పిల్ల కాదని మాకందరికీ తెలుసు. అందుకే పెరుగన్నం కంచంలోనే వదిలేసి లేచాను.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు చివరి శుక్రవారం పడింది, సెలెక్షన్ ఆ మర్నాడు పొద్దున. ఇంతకంటే మంచి శకునం ఉంటుందా అని కృష్ణవేణి సంబరపడింది. అపార్ట్‌మెంట్స్‌లో తెలిసిన ఆడవాళ్ళందరినీ సాయంత్రం పేరంటానికి పిలిచింది. తెల్లారక ముందే లేచి ఇల్లు కడగడం మొదలుపెట్టింది.

ఇక్కడ దేదీప్య హాకీ సంచీ గురించి చెప్పాలి. అందులో ఉన్నవన్నీ చెమటకి తడుస్తాయి, ఆరీ ఆరకుండానే మళ్ళీ తడుస్తాయి. ఏళ్ళ తరబడి అంతే. వానాకాలం కిటికీలు మూసిన బస్సులో ఎండుచేపల గంపలు ఎక్కితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ సంచీ దాన్ని మరిపిస్తుంది. అందుకే దాని చోటు ఎప్పుడూ బాల్కనీ. కానీ గురువారం వాన పడిందని దేదీప్య దాన్ని హాల్లోకి తెచ్చింది. శుక్రవారం పొద్దున అది జిమ్‌కి వెళ్ళింది, భీమశంకర్, రాధారాణి ఆఫీసులకి వెళ్ళారు. నేను కాఫీ తాగి కాస్త నడుం వాల్చాను. హాల్లో కృష్ణవేణి, కలశం, ఆ సంచీ మిగిలాయి.

లక్ష్మీదేవి గుమ్మం దాకా వచ్చి ఆ వాసనకి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందని కృష్ణవేణి భయం. పైగా పిల్ల రేపు అంత పెద్ద పని మీద వెళుతోంది, మాసినవి వేసుకుని ఎవరైనా వెళతారా? సంచీ మొత్తం బోర్లించింది. కాళ్ళ పరుపుల్ని బాత్‌టబ్‌లో పడేసి బ్రష్షుతో తోమింది. మిగతావన్నీ, గ్లవ్‌తో సహా, వాషింగ్ మెషీన్‌లో వేసి, వేడినీళ్ళు పెట్టి, రెట్టింపు సబ్బు పోసి, పైన కాస్త డెటాల్ కూడా వేసింది. తర్వాత డ్రయ్యర్‌లో వేసి అన్నిటికంటే ఎక్కువ వేడికి తిప్పింది. లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టు ధబధబమని చప్పుడు వస్తే నేను లేచాను.

బయటికి తీసేసరికి గ్లవ్ తెల్లగా మెరిసిపోతోంది. అది తెల్లదని ఆ రోజు దాకా నాకు తెలియదు. కృష్ణవేణి మురిసిపోయి, కొత్త బట్టలకి పెట్టినట్టు అంచున చిటికెడు పసుపు కూడా పెట్టింది.

దేదీప్య వచ్చింది. గ్లవ్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత వచ్చి చెయ్యి లోపల పెట్టి ముయ్యబోయింది. మూసుకోలేదు. రెండో చేత్తో నొక్కింది. సగం మూసుకుని మళ్ళీ తెరుచుకుంది. అరచేతి తోలు ఎండి చెక్కలా బిగిసిపోయింది. పిల్ల సోఫా చేతి మీద కూర్చుండిపోయింది. అది అరిచి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

అప్పుడు మెల్లగా చెప్పింది. గ్లవ్‌ని ఎవరూ ఉతకరట. కొత్తది కొంటే అదీ ఇంతే గట్టిగా ఉంటుంది, చేతికి అలవాటయ్యేసరికి నెలలు పడుతుంది. దీన్ని కాలేజీలో చేరినప్పుడు కొని, పరుపు కింద పెట్టుకుని పడుకుని మరీ మెత్తన చేసుకుందట. కృష్ణవేణి మొహం పాలిపోయింది. నా చేతులు విరిగిపోనూ అని ఏడవడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చి మెషీన్‌ని తిట్టాను, డ్రయ్యర్‌ని తిట్టాను, ఇంటికో డ్రయ్యర్ పెట్టిన ఈ దేశాన్నీ తిట్టాను. దేదీప్య లేచి వాళ్ళ నాన్నమ్మని పట్టుకుంది.

"నాన్నమ్మా, ఇట్స్ ఓకే. నువ్వు నాకోసం క్లీన్ చేశావు. ఏడవకు. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుస్తా, రేపు ఆడలేను."

కృష్ణవేణి కళ్ళు తుడుచుకుని గిన్నెలో కొబ్బరినూనె వెచ్చజేసింది. ఇద్దరూ గ్లవ్‌ని నేల మీద పెట్టి మర్దనా మొదలుపెట్టారు. పసిపిల్లకి తలంటినట్టే పట్టింది నూనె. సాయంత్రం దాకా పట్టినా పెద్దగా లాభం లేకపోయింది. ఇంతలో పేరంటాళ్ళు రానే వచ్చారు. పట్టుచీరలు, పూలు, హాలంతా ఘుమఘుమలాడుతోంది. పూజ అయింది, హారతి అయింది. తాంబూలాలు ఇస్తున్న కృష్ణవేణి చేతులకి నూనె చూసి ఏమైందని అడిగారు. అంతే, అది మళ్ళీ ఏడుస్తూ మొత్తం చెప్పేసింది.

పై అంతస్తులో ఉండే జ్ఞానప్రసూన సాఫ్ట్‌వేర్ కంపెనీలో యాభైమంది మీద పెత్తనం చేసే మనిషి. గాజులు వెనక్కి తోసుకుని కొంగు దోపుకుంది. "ఇలా ఇవ్వండి ఆంటీ. చపాతీ పిండి కంటే మొండిదా ఇది?" అని వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి గ్లవ్ మధ్యలో బాదింది. ఆవిడ అలిసిపోతే ఇంకొకావిడ అందుకుంది. ఒకరు వంచి పట్టుకుంటే ఒకరు బాదుతున్నారు. ఒకావిడ చెప్పులు విడిచి ఏకంగా దాని మీద నిలబడింది. బాదే ప్రతి ఆవిడా తన మేనేజరు పేరు తలుచుకుంటోందని ఎవరో అన్నారు. దేదీప్య నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. కింద ఫ్లాట్ ఆయన తలుపు కొట్టి ఏమిటీ చప్పుడని అడిగితే, పూజ అని చెప్పి ప్రసాదం పెట్టి పంపించాను. అందరూ బొట్టు పెట్టించుకుని వెళ్ళేసరికి గ్లవ్ సగం మూసుకుంటోంది. సగమే.

మర్నాడు రింక్‌లో గోలీలు అయిదుగురు. ముగ్గురు చాలా బాగా ఆడారు, నేను పక్షపాతం లేకుండానే చెబుతున్నాను. మా పిల్ల వంతు వచ్చింది. మొదటి పక్ ఎడమవైపు వచ్చింది. దేదీప్య చెయ్యి చాచింది. పక్ గ్లవ్‌లో పడి, గ్లవ్ మూసుకోక, టప్పున ఎగిరి ముందు పడింది. అక్కడే ఉన్న అమ్మాయి దాన్ని లోపలికి కొట్టేసింది. రెండోసారీ అంతే. కృష్ణవేణి కళ్ళు గట్టిగా మూసుకుంది. భీమశంకర్ బల్ల అంచు పట్టుకున్నాడు. వాడే ఆట మానెయ్యమన్నది, వాడి వేళ్ళే తెల్లబడిపోయాయి.

మూడోసారి నుంచి పిల్ల పద్ధతి మార్చింది. పక్ గ్లవ్‌లో నిలవదని దానికి తెలిసిపోయింది కదా. తగిలించి కింద పడేస్తోంది, పడ్డ చోటికి తానూ పడుతోంది. కాళ్ళతో ఆపింది, ఛాతీతో ఆపింది, ఒకసారి బోర్లా పడి మోచేత్తో ఆపింది. ఒక్కొక్క పక్ మీద రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. పడటం, లేవడం, మళ్ళీ పడటం. చివరికి లేచేటప్పుడు దాని కాళ్ళు వణకడం పైన కూర్చున్న నాకు కూడా కనిపించింది. లేచింది. అయినా రెండు గోల్స్ పోయాయి, మిగతావాళ్ళకి ఒక్కటో, అదీ లేదో. బయటికొచ్చి ముసుగు తీసి మా దగ్గర కూర్చుంది. అయిపోయింది తాతా అంది. నేను దాని తల మీద చెయ్యి పెట్టాను.

మధ్యాహ్నం కోచ్ పిలిపించింది. డోనా అని, జుట్టు నెరిసిన పొడగాటి మనిషి. లోపల ఏం జరిగిందో దేదీప్య కారు దగ్గరికి వచ్చి చెప్పింది. గ్లవ్‌కి ఏమైందని కోచ్ అడిగిందట. మా నాన్నమ్మ ఉతికింది అని ఇది నిజం చెప్పేసిందట. కోచ్ నవ్వలేదట. "నువ్వు పట్టుకోవడం కాలేజీ ఆటల్లో నాలుగేళ్ళుగా చూస్తున్నాను. పడి లేవడం ఇవాళే చూశాను. నాకు పడి లేచే మనిషి కావాలి" అందట.

కృష్ణవేణికి ముందు అర్థం కాలేదు. తీసుకున్నారే అని నేను అరిచాను. పార్కింగ్‌లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాన్నమ్మనీ మనవరాలినీ విడదియ్యడానికి రాధారాణి హారన్ కొట్టాల్సి వచ్చింది.

అలాగని కథ సుఖాంతమైందని భీమశంకర్ ఒప్పుకోలేదు. రెండో గోలీ అంటే బెంచీ మీద కూర్చునే ఉద్యోగం. కెయిట్లిన్‌కి ఏమీ కాకపోతే ఏడాదంతా కూర్చోవాల్సిందే, అప్పుడు దీన్ని పైయేడు ఎవరు పిలుస్తారు? వాడు స్నేహితుడితో మాట్లాడి ల్యాబ్ ఉద్యోగాన్ని కొత్త సంవత్సరం దాకా ఆపించాడు. అప్పటికి ఆడే అవకాశం రాకపోతే చేరిపోతానని దేదీప్య ఒప్పుకుంది. పన్నెండేళ్ళు గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఇప్పుడు గుమ్మం బయట నిలబడింది. నాకు మనవరాలు సెలెక్టయిందన్న ఆనందం సగమే మిగిలింది.

మా తిరుగు ప్రయాణం నవంబరులో. అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం సొంత రింక్‌లో మొదటి ఆట. వ్రతానికి వచ్చిన ఆడవాళ్ళంతా స్వెటర్లు తొడుక్కుని మొగుళ్ళతో సహా వచ్చారు. గ్లవ్‌ని బాదింది మేమే అని జ్ఞానప్రసూన పక్క సీటు వాళ్ళకి అప్పటికే చెప్పేసింది. బెంచీ చివర కొంగ బొమ్మ చొక్కా వేసుకుని దేదీప్య కూర్చుని ఉంది, ముసుగు ఒళ్ళో పెట్టుకుని. కెయిట్లిన్ అద్భుతంగా ఆడుతోంది. నిజం చెప్పాలంటే నేను ఆ పిల్లని మనసులో కాస్త తిట్టుకున్నాను కూడా.

ఆఖరి భాగంలో మావాళ్ళు రెండు, వాళ్ళు ఒకటి. కెయిట్లిన్ కాళ్ళు బార్లా చాపి ఒక పక్ ఆపింది, ఆపి ఇక లేవలేదు. తొడ పట్టేసింది. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. కోచ్ బెంచీ చివరికి చూసి తల ఊపింది. దేదీప్య ముసుగు తొడుక్కుంది. మైకులో దాని పేరు ఎలా పలకాలో తెలియక ఆ మనిషి రెండుసార్లు తడబడ్డాడు. మా వరసలో వాళ్ళంతా ఒకేసారి సరైన పేరు అరిచి వినిపించారు.

అవతలివాళ్ళు కొత్త గోలీ అని తెలిసి వెంటనే మీద పడ్డారు. ఒకటి ఆపింది. ఇంకొకటి ఆపింది. ఒకటి గ్లవ్‌లోకి వచ్చింది, నెలన్నరలో మళ్ళీ మెత్తబడ్డ గ్లవ్ ఈసారి మూసుకుంది. ఆఖరి నిమిషంలో వాళ్ళు తమ గోలీని తీసేసి ఇంకో ఆటగత్తెని దింపారు. ఓడిపోయే జట్టు అలా చేస్తుందట. ఇప్పుడు ఆరుగురు మా పిల్ల మీద. నా పక్కన కృష్ణవేణి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఒక దెబ్బ కాలికి తగిలి తిరిగి వచ్చింది. రెండోది నేరుగా ముసుగు మీద తగిలింది. దేదీప్య వెనక్కి పడింది. పక్ దాని ముందే ఉంది. పడ్డది పడ్డట్టే దొర్లి దాని మీద బోర్లా పడుకుంది. కర్రలన్నీ దాని చుట్టూ పొడుస్తున్నాయి. అప్పుడు ఆట ముగిసిందని హారన్ మోగింది.

ఎప్పుడైనా ఆట ముగియగానే కృష్ణవేణి చలికి తట్టుకోలేక కారు దగ్గరికి పరిగెత్తేది. ఆ రోజు కదల్లేదు. కళ్ళు తెరిచి మంచు మీదకి చూసింది. గోల్ కొట్టిన అమ్మాయిల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. జట్టు మొత్తం వరస కట్టి దేదీప్య దగ్గరికే వస్తోంది. ఒక్కొక్కరూ వచ్చి తమ నుదురు దాని ముసుగుకి ఆనించి వెళుతున్నారు.

"అందరూ దాని దగ్గరికే వస్తున్నారేంటండీ?"

"గెలిచినా ఓడినా ముందు గోలీ దగ్గరికే వస్తారే. ఇక్కడి పద్ధతి అది."

ఆఖరున కెయిట్లిన్ వచ్చింది, ఎవరి భుజమో పట్టుకుని ఒంటికాలి మీద. అది అందరికంటే ఎక్కువసేపు నుదురు ఆనించి ఉంచింది. మా వరసంతా లేచి నిలబడి గోల చేస్తోంది. భీమశంకర్ ఒక్కడే కూర్చుని ఫోన్‌లో ఏదో టైప్ చేస్తున్నాడు. కూతురు అంత పని చేస్తే ఈ వెధవ ఫోన్ చూస్తాడేమిటని నాకు ఒళ్ళు మండి భుజం పట్టుకుని ఊపాను. వాడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ల్యాబ్ వాళ్ళకి రాస్తున్నా నాన్నా. అమ్మాయి రాదని."

అది కొత్త సంవత్సరం దాకా చూస్తానంది కదరా, దాన్ని అడగవా అన్నాను. వాడు మంచు మీదకి చూపించి, మెసేజ్ పంపేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు లేచి నిలబడి, రింకంతా వినపడేలా కూతురి పేరు పెట్టి అరిచాడు.